ప్రయోగశాల కుందేలును ఇంటికి తెచ్చుకోవడం ఎలా: ఒడిశా సరిహద్దు జిల్లాల తెలుగువారికి

బరంపురంలోనో, జయపురంలోనో, రాయగడలోనో ఫార్మసీ చదివే పిల్లలున్న ఇంట్లో ఈ ప్రశ్న ఎప్పుడో ఒకసారి వస్తుంది. ప్రయోగం అయిపోయాక ఆ కుందేళ్లను ఏమి చేస్తారు? ఒకదాన్ని మనం తెచ్చుకోవచ్చా? తెచ్చుకోవచ్చు. దారి మాత్రం కళాశాల వెనుక గేటు నుంచి కాదు, కాగితాల మీదుగా. ఆ కాగితాలు ఏమిటో, ఎవరికి రాయాలో, తెచ్చాక ఇంట్లో ఏమి చేయాలో వరుసగా చెబుతాను.

చట్టం ఎవరికి ఏమి చెబుతోంది

ప్రయోగశాల జంతువుల దత్తత కోసమే పార్లమెంటు చేసిన ప్రత్యేక చట్టమంటూ మన దేశంలో లేదు. కాబట్టి ఫలానా సెక్షన్ ప్రకారం నాకు ఇచ్చి తీరాలని ఏ సంస్థనూ నిలదీయలేరు. ఉన్నదల్లా సంస్థ మీద పెట్టిన బాధ్యత. ఈ తేడా మనసులో పెట్టుకొని ఉత్తరం రాసినవారికి జవాబు వస్తుంది. హక్కుల భాషలో రాసినవారి కాగితం ఫైలులో పడి ఉంటుంది.

జంతువుల పట్ల క్రూరత్వ నివారణ చట్టం 1960 నాటిది. దాని నాలుగో అధ్యాయం, అంటే 14 నుంచి 20 వరకు సెక్షన్లు, ప్రయోగాల గురించే. ప్రయోగాలపై పర్యవేక్షణకు కేంద్రంలో ఒక కమిటీ ఉండవచ్చని 15వ సెక్షన్, ప్రయోగానికి ముందూ తర్వాతా కూడా జంతువును సరిగా చూసుకునేలా ఆ కమిటీ నియమాలు చేయాలని 17వ సెక్షన్ చెబుతాయి. మొన్నమొన్నటి వరకు సీపీసీఎస్‌ఈఏ అన్న కమిటీ ఇదే. ఇప్పుడు పేరు సీసీఎస్‌ఈఏ. కేంద్ర పశుసంవర్ధక శాఖ కింద పనిచేస్తుంది.

మీకు అసలు పనికొచ్చేది 1998 నాటి జంతువుల పెంపకం, ప్రయోగాల నియమాలకు 2006లో వచ్చిన సవరణ. అందులో మూడు మాటలు గుర్తుంచుకోండి. ప్రయోగం చేసిన పరిశోధకుడే ఆ తర్వాత జంతువు సంరక్షణకూ పునరావాసానికీ బాధ్యుడు. ఆ ఖర్చు పరిశోధన ఖర్చులో భాగం. ఇక, అవసరం తీరింది కదా అని జంతువును చంపేయడానికి వీల్లేదు. పక్షవాతం వచ్చినట్లు పడిపోయి కదలలేని స్థితి, మానని నొప్పి, బతికి ఉంటే మనుషులకో ఇతర జంతువులకో ప్రాణాపాయం, ఇలాంటి పరిస్థితుల్లోనే ఆ పని చేయాలి.

వినడానికి బాగానే ఉంది. కానీ కేంద్ర కమిటీ ఆదేశాన్ని మీరితే 20వ సెక్షన్ కింద పడే జరిమానా గరిష్ఠంగా 200 రూపాయలు. 1960లో అది డబ్బే. ఇప్పుడు ఆ మొత్తానికి బరంపురం పెద్దబజారులో ఒక పూట కూరగాయలు కూడా సరిగా రావు. సంస్థలు నిజంగా భయపడేది జరిమానాకు కాదు. 19వ సెక్షన్ కింద కమిటీ ప్రయోగాలనే ఆపించగలదు, రిజిస్ట్రేషన్ పోతే జంతువులను ఉంచే కళాశాల యానిమల్ హౌస్‌కు తాళం పడుతుంది. అందుకే వాళ్లు రికార్డులను జాగ్రత్తగా చూసుకుంటారు. మీ విన్నపం కూడా ఆ రికార్డులో ఇమిడేలా ఉండాలి.

బయటి దేశాల్లో కొన్నిచోట్ల చట్టం ఇంకాస్త ముందుకు వెళ్లింది. అమెరికాలో మొదటగా మిన్నెసోటా రాష్ట్రం 2014లో, ప్రజాధనంతో నడిచే పరిశోధన సంస్థలు ఆరోగ్యంగా ఉన్న కుక్కలనూ పిల్లులనూ చంపే ముందు దత్తత సంస్థలకు ఇవ్వజూపాలని చట్టం చేసింది. కాలిఫోర్నియా, న్యూయార్క్ వంటి రాష్ట్రాలు ఆ దారి పట్టాయి. ఐరోపా సమాఖ్య 2010 నాటి ఆదేశపత్రంలో 19వ అధికరణం ఇళ్లకు ఇవ్వడాన్ని అనుమతిస్తుంది. జంతువు ఆరోగ్యం అందుకు తగి ఉండాలి, ప్రజారోగ్యానికీ పర్యావరణానికీ ముప్పు ఉండకూడదు. మన కళాశాలలు కూడా అడిగేవి అవే రెండు ప్రశ్నలు కాబట్టి వాటికి జవాబు ముందే సిద్ధం చేసుకోండి.

ఏ జంతువు బతికి బయటికి వస్తుంది

ఇది తెలియకుండా ఉత్తరం రాస్తే దొరకని దాన్ని అడుగుతారు. విషప్రభావ పరీక్షల్లో వాడిన ఎలుకలు చాలావరకు ప్రయోగం చివర్లో చనిపోతాయి, ఎందుకంటే కాలేయం, మూత్రపిండాలు కోసి చూడటమే ఆ పరీక్ష. వాటి కోసం అడిగి లాభం లేదు. వ్యాధికారక క్రిములు ఎక్కించిన జంతువులను ఇవ్వరు, ఇవ్వకూడదు. జన్యుమార్పిడి చేసిన వాటికి 1989 నియమాలు వేరే ఉన్నాయి, అవి గది దాటి రావు.

మిగిలేవి ఎవరు? ఇంజెక్షన్ మందుల్లో జ్వరం పుట్టించే మలినాలున్నాయా అని చూసే పరీక్షలో కుందేలుకు మందు ఎక్కించి ఉష్ణోగ్రత కొలుస్తారు, కోయరు. అలాంటి కుందేళ్లు ఆరోగ్యంగానే ఉంటాయి. ప్రయోగంలో కంట్రోల్ గుంపుగా ఉండి మందే తీసుకోనివి, పిల్లలు పెట్టే వయసు దాటినవి, లెక్కకు మించి పుట్టినవి, రక్తం నమూనాల కోసం మాత్రమే ఉంచినవి కూడా మిగలవచ్చు. కుక్కలైతే, మందు రక్తంలో ఎంతసేపు ఉంటుందో చూసే పరీక్షల బీగల్‌లు ఇలా బయటపడతాయి.

మన జిల్లాల్లో ఫార్మసీ కళాశాలల దగ్గర తెల్ల ఎలుకలు, చిట్టెలుకలు, కుందేళ్లు, అక్కడక్కడ గినీ పిగ్‌లు ఉంటాయి. బీగల్ కావాలంటే హైదరాబాదు, బెంగళూరు వైపు చూడాలి. బెంగళూరులో క్యూపా అనే జంతు సంక్షేమ సంస్థ ప్రయోగశాల బీగల్‌లకు ఇళ్లు వెతికి పెట్టింది. అంత దూరం అవసరం లేదనుకుంటే కుందేలుతో మొదలుపెట్టండి. కోతిని అడగకండి. ఇంట్లో పెంచే జంతువు కాదది, అడిగారంటే మీ మిగతా ఉత్తరాన్ని కూడా ఎవరూ నమ్మరు.

ఎవరికి రాయాలి, ఏ భాషలో

సంస్థలో ఎథిక్స్ కమిటీ ఉంటుంది, ఐఏఈసీ అంటారు. అందులో శాస్త్రవేత్తలు, పశువైద్యుడు, యానిమల్ హౌస్ బాధ్యుడు, బయటి సంస్థ నుంచి ఒక శాస్త్రవేత్త, సైన్సుతో సంబంధం లేని సామాజిక స్పృహ గల ఒక సభ్యుడు, కేంద్ర కమిటీ పంపిన ప్రతినిధి ఉంటారు. ఎలుక, కుందేలు వంటి చిన్న జంతువులపై ప్రయోగాలకు ఈ కమిటీ అనుమతి చాలు. కుక్కల వంటి పెద్ద జంతువులైతే విషయం ఢిల్లీ దాకా వెళ్తుంది. కాబట్టి కుక్క కోసం అడిగేవారు ఓపిక ఎక్కువ పెట్టుకోవాలి.

ఉత్తరం ప్రిన్సిపాల్ పేరున, ఎథిక్స్ కమిటీ ఛైర్మన్‌కు నకలుతో పంపండి. యానిమల్ హౌస్ అటెండరును పట్టుకొని పని కానివ్వాలనుకోకండి. అతను మంచివాడే కావచ్చు, ఒక కుందేలును అట్టపెట్టెలో పెట్టి ఇవ్వనూవచ్చు. కానీ ప్రతి జంతువూ ఎక్కడి నుంచి వచ్చింది, ఏమైంది అన్నది ఫారం డీలో రాయాలి. లెక్కలో ఒకటి తగ్గితే అతని ఉద్యోగం పోతుంది. మీ దగ్గరేమో దాని మీద ఏ మందు వాడారో చెప్పే ముక్క కూడా ఉండదు.

భాష సంగతి మనకు ప్రత్యేకం. ఇంట్లో తెలుగు, బజారులో ఒడియా, కళాశాలలో ఇంగ్లిషు. ఉత్తరం ఒడియాలోనో ఇంగ్లిషులోనో ఉంటే మంచిది. జవాబు రాకపోతే సమాచార హక్కు చట్టం ఉంది. దాని 6వ సెక్షన్ ప్రకారం దరఖాస్తు ఇంగ్లిషులో, హిందీలో, లేదా ఆ ప్రాంత అధికార భాషలో ఉండాలి. బరంపురం ఉన్న గంజాం జిల్లాలో అది ఒడియా. ఒడిశా నియమాల ప్రకారం ఫారం ఏ నింపి, గుర్తింపు పత్రం జతచేసి, 10 రూపాయల రుసుము కట్టాలి. జవాబుకు గడువు 30 రోజులు. ఈ దారి ప్రభుత్వ వైద్య కళాశాలలు, విశ్వవిద్యాలయాల విషయంలో సూటిగా పనిచేస్తుంది. ప్రైవేటు కళాశాల అయితే కేంద్ర కమిటీకే దరఖాస్తు పెట్టి, ఆ సంస్థ పంపిన రికార్డుల గురించి అడగాలి. అయినా మొదటి ఉత్తరంతోపాటే సమాచార హక్కు కాగితం పంపకండి. అడగడానికి వచ్చినవారు తనిఖీకి వచ్చినట్లు కనిపిస్తారు.

ఉత్తరంలో ఉండాల్సిన విషయం ఇంతే:

"మీ సంస్థలో ప్రయోగం ముగిసి, పశువైద్యుడు ఆరోగ్యంగా ఉన్నట్లు ధ్రువీకరించిన కుందేళ్లు ఉంటే, 2006లో సవరించిన నియమాల ప్రకారం మీరు చేపట్టే పునరావాసంలో భాగంగా రెండింటిని మా ఇంట్లో పెంచుకోవడానికి సిద్ధంగా ఉన్నాము. మా ఇంటి వివరాలు, వాటిని ఉంచే గది ఫోటో, చికిత్సకు ఒప్పుకున్న పశువైద్యుని లేఖ జతచేస్తున్నాము. ఈ కుందేళ్లను అమ్మము, పిల్లలు పెట్టనివ్వము, తినము, ఇతరులకు ఇవ్వము, ఏ ప్రయోగానికీ వాడనివ్వము. మీ పశువైద్యుడు ఎప్పుడైనా వచ్చి చూడవచ్చు. వీటిని పెంచలేని పరిస్థితి వస్తే మొదట మీకే తెలియజేస్తాము."

తినము అన్న మాట చూసి నవ్వుకోకండి. మన ప్రాంతంలో కుందేలు కూర తెలియని ఊరు లేదు, కమిటీలో కూర్చున్నవారికీ ఆ సంగతి తెలుసు. వాళ్ల మొదటి అనుమానం అదే. పైగా మందులు ఎక్కించిన జంతువు మాంసంలో ఏ అవశేషాలు ఉంటాయో ఎవరూ చెప్పలేరు. కాబట్టి ఆ మాట మీరే రాసివ్వండి. రెండు కుందేళ్లు అని రాయడానికీ కారణం ఉంది. కుందేలు ఒంటరిగా ఉండలేదు. రెండూ ఆడవైతే మేలు, లేదా మగదానికి వృషణాలు తీయించాలి. కుందేలు నెల రోజుల్లో ఈనుతుంది, ఆలస్యం చేస్తే కథ రెండు కుందేళ్లతో ఆగదు.

తీసుకునే రోజు అడగాల్సినవి

ఏ ప్రయోగంలో వాడారు, ఏ మందు, చివరి మోతాదు ఎప్పుడు, వయసెంత, ఆడదా మగదా, ఏ దాణా తింటోంది. ఇవన్నీ కాగితం మీద కావాలి. కొత్త మందు వివరాలు గోప్యమంటే పేరు అడగకండి. దాని వల్ల మనిషికి గానీ, ఇంట్లో ఇతర జంతువుకు గానీ ప్రమాదం లేదని పశువైద్యుడు సంతకం చేసిన ధ్రువపత్రం తీసుకోండి. అది లేకుండా జంతువును మాత్రం తీసుకోకండి. వాటికి అలవాటైన దాణా పది రోజులకు సరిపడా అడగండి. నీళ్ల సీసా కూడా అడగండి. ఆ కుందేలు పుట్టినప్పటి నుంచి గొట్టం నాకి తాగింది, గిన్నెలో నీళ్లు పెడితే అవి తాగడానికని దానికి తెలియదు.

వృషణాలు తీయించే ఖర్చు, మొదటి పరీక్షల ఖర్చు సంస్థ భరించగలదా అని అడగడంలో తప్పు లేదు. ఆ ఖర్చు పరిశోధన ఖర్చులో భాగమని నియమమే చెబుతోంది. మర్యాదగా, ఒక్కసారి అడగండి.

దూరం నుంచి తెచ్చేవారికి ఒక మాట. 1978 నాటి జంతు రవాణా నియమాల ప్రకారం కుక్కను, పిల్లిని ప్రయాణం చేయించాలంటే, ప్రయాణానికి తగినట్లుందనీ రేబిస్‌తో సహా అంటువ్యాధుల లక్షణాలు లేవనీ పశువైద్యుడి ధ్రువపత్రం ఉండాలి. సికింద్రాబాదు నుంచి బరంపురానికి ఫలక్‌నుమా, విశాఖ ఎక్స్‌ప్రెస్‌ల వంటి రైళ్లున్నాయి గానీ, స్లీపర్లో, త్రీ టైర్ ఏసీలో కుక్కను ఎక్కించనివ్వరు. ఫస్ట్ ఏసీ కూపే మొత్తం తీసుకోవాలి, లేదా గార్డు పెట్టెలోని కుక్కల గూడులో పంపాలి. జీవితమంతా నిశ్శబ్దమైన గదిలో గడిపిన బీగల్‌ను ఆ గూడులో రాత్రంతా కూర్చోబెట్టడం నాకైతే ఒప్పుకోబుద్ధి కాదు. కారులో, మధ్యలో ఒక రాత్రి ఆగుతూ రావడమే నయం.

ఇంట్లో మొదటి నెల

అసలు పని ఇక్కడుంది. చట్టం గురించి ఇంతసేపు చెప్పానంటే ఇక్కడిదాకా రావడానికే.

ఆ కుందేలు ఏసీ గదిలో, పన్నెండు గంటల వెలుగు, పన్నెండు గంటల చీకటి క్రమంలో పెరిగింది. మే నెల బరంపురం ఉక్క దానికి తెలియదు. కుందేలుకు చెమట పట్టదు, చెవుల ద్వారానే వేడి వదులుకుంటుంది. ముప్ఫై డిగ్రీలు దాటితే అవస్థ మొదలవుతుంది. వేసవిలో తెచ్చుకోకండి. శీతాకాలంలో తెస్తే మన గాలికి అలవాటు పడటానికి దానికి కొన్ని నెలలు దొరుకుతాయి. ఎండల్లో ఇంట్లో అతి చల్లని గది దానికివ్వండి, తడి గోనెపట్టా, గడ్డకట్టిన నీళ్ల సీసా పక్కన పెట్టండి. రేకుల షెడ్డులో, డాబా మీద ఉంచడమంటే చంపడమే.

పంజరంలో పెరిగిన కుందేలు ఎముకలు బలహీనం. నున్నటి టైల్స్ మీద జారి వెన్ను విరిగే ప్రమాదం ఉంది. నేల మీద గోనెసంచులు పరచండి. ఎత్తేటప్పుడు ఒక చేయి ఛాతీ కింద, ఒక చేయి వెనుక కాళ్ల కింద ఉండాలి. చెవులు పట్టి ఎత్తకూడదు. తీగల నేల మీద నిలబడి నిలబడి అరికాళ్లు పుండు పడి ఉంటాయేమో మొదటి రోజే చూడండి.

తిండి విషయంలో మన ఇళ్లలో ప్రేమ ఎక్కువ, అది కుందేలుకు చేటు. పఖాళ (నీళ్లన్నం) మిగిలింది కదా, రొట్టె ముక్క ఉంది కదా అని పెట్టకండి. దానికి ప్రధానంగా కావలసింది గడ్డి, ఎండుది, పచ్చిది. కొత్తిమీర, పుదీనా, ముల్లంగి ఆకు మెల్లగా అలవాటు చేయండి. పాత దాణాను వారం పది రోజుల్లో తగ్గిస్తూ రండి. పన్నెండు గంటలు తిండి ముట్టలేదంటే, పెంటికలు పడలేదంటే అది రేపటికి వాయిదా వేసే జబ్బు కాదు. పేగులు ఆగిపోతే కుందేలు ఒక రోజులో పోతుంది. గినీ పిగ్ తెచ్చుకున్నవారు విటమిన్ సీ మరవకండి, అది మనలాగే దాన్ని ఒంట్లో తయారు చేసుకోలేదు. మన జామకాయ ఉండగా మందుల షాపుకు వెళ్లక్కర్లేదు.

పశువైద్యుణ్ని ముందే వెతుక్కోమన్నది ఇందుకే. సమితి పశువైద్యశాలల్లో ఎక్కువగా వచ్చేవి ఆవులు, మేకలు. కుందేలు అరుదు. రెండు విషయాలు మీరే గుర్తుంచుకొని వైద్యుడికి చెప్పండి. నోటి ద్వారా ఇచ్చే అమాక్సిసిలిన్, పెన్సిలిన్ కుందేలునూ గినీ పిగ్‌నూ చంపగలవు. కుక్కల పేలకు వాడే ఫిప్రోనిల్ కుందేలుకు పనికిరాదు. పెద్ద ఆసుపత్రి కావాలంటే బరంపురం వారికి భువనేశ్వర్‌లోని పశువైద్య కళాశాల ఉంది. రాయగడ, పర్లాకిమిడి వారికి విజయనగరం జిల్లా గరివిడిలోని కళాశాల దగ్గర, తెలుగులో చెప్పుకోవచ్చు కూడా.

తెల్ల ఎలుకల గురించి పెద్దగా చెప్పను. రెండు మూడేళ్లు బతుకుతాయి, తెలివైనవి, రెండు మగవో రెండు ఆడవో జతగా ఉండాలి, మగ ఆడ కలపకుండా విడిగా ఉంచాలి. ఇంట్లో తిరిగే ఎలుకలు వాటి పంజరం దగ్గరికి రాకుండా చూడండి. జబ్బులు ఎక్కువగా అటునుంచి ఇటు వస్తాయి. పొలంలో స్వేచ్ఛగా వదిలితే పుణ్యమని కొందరు అంటారు. తెల్ల ఎలుక పొలంలో ఒక రాత్రి గడవదు.

బీగల్ అయితే సమస్య వేరు. మెట్లు ఎక్కడం రాదు, గడ్డి మీద కాలు పెట్టడానికి భయపడుతుంది, చేతికి తొడుగు వేసుకున్న మనిషిని చూస్తే మూలకు పోతుంది. ఎక్కడ విసర్జించాలో నేర్పాలి. ఓపిక పడితే నేర్చుకుంటుంది. వాసన పట్టుకొని పరుగెత్తే జాతి కాబట్టి మొదటి నెలల్లో గేటు తెరిచి ఉంచకండి, పట్టీ లేకుండా బయటికి తీసుకెళ్లకండి. తప్పిపోయిన వీధి కుక్క ఎలాగో బతుకుతుంది, ఇది బతకదు. రేబిస్ టీకా వేయించి, నగరపాలక సంస్థ దగ్గర నమోదు చేయించండి.

తుపాను ముందు ఏర్పాటు

2013లో ఫైలిన్ గోపాలపురం దగ్గర తీరం దాటింది, 2018లో తిత్లీ గజపతి జిల్లాను దెబ్బతీసింది. అక్టోబరు వచ్చేసరికి మోసుకెళ్లే బోను ఒకటి, వారానికి సరిపడా ఎండుగడ్డి, నీళ్ల సీసాలు సిద్ధంగా పెట్టుకోండి. తుపాను షెల్టరులో జంతువును రానివ్వకపోవచ్చు. ఎత్తైన చోట ఉన్న బంధువుల ఇల్లు ముందే మాట్లాడి ఉంచండి. కరెంటు పోయిన తర్వాతి రోజుల ఉక్క కుందేలుకు గాలి కన్నా ప్రమాదం.

తర్వాత కాగితాలు

జంతువు మీ ఇంటికి వచ్చిన రోజు నుంచి చట్టం మీ మీదా పనిచేస్తుంది. 11వ సెక్షన్ ప్రకారం తిండి, నీళ్లు, నీడ ఇవ్వకపోవడం, ఆకలితో మాడేలా వదిలేయడం నేరం. పెంచలేకపోతే సంస్థకు తిరిగి చెప్పండి, లేదా జిల్లా ముఖ్య పశువైద్యాధికారిని కలవండి.

మూడు నెలలకూ, ఏడాదికీ ఒకసారి ఎథిక్స్ కమిటీకి ఒక పేజీ రాసి పంపండి. బరువు, తిండి, వైద్యం, ఒక ఫోటో, వైద్యుడి చీటీ నకలు. ఎవరూ అడగరు, అయినా పంపండి. చనిపోతే కూడా రాయండి, కారణం తెలిస్తే కారణంతో సహా. మందు ప్రభావం ఆలస్యంగా బయటపడిందేమో వాళ్లకు తెలియాలి. కుందేలును పాతిపెట్టేటప్పుడు వీధి కుక్కలు తవ్వని లోతున, బావికి దూరంగా పాతిపెట్టండి.